రోబ్లెస్ వారి మైల

మొన్న బీపీ మాత్రల కోసం పాలీక్లినిక్‌కి వెళ్ళాను. నంబర్లు చూపించే తెర ఆవేళ మొరాయించింది. నర్సు బయటికొచ్చి పేర్లు పెట్టి పిలుస్తోంది. "రోబ్లెస్!" అని ఓ కేక పెట్టింది. ఆ మూల నుంచి ఒకావిడ, ఈ మూల నుంచి ఒకావిడ, ఇద్దరు ఆడవాళ్ళు లేచారు. ఒకరి మొహాలొకరు చూసుకుని ఫక్కున నవ్వుకున్నారు. "నో రిలేషన్, నో రిలేషన్" అంది అందులో ఒకావిడ, చెయ్యి గాల్లో ఊపుతూ. కూర్చున్నవాళ్ళంతా నవ్వారు. నేను మాత్రం నవ్వలేదు. లోపలికి వెళ్ళాక డాక్టరమ్మ బీపీ చూసి, "ఇంతుందేంటి? మాత్రలు మానేశారా?" అని కసిరింది. మానలేదు తల్లీ, ఆ పేరుని అలా కేకేసి పిలవకండి, అదే తగ్గుతుంది అని చెప్దామనుకున్నాను. చెప్తే పిచ్చిదనుకుంటుందని ఊరుకున్నాను.

నేను చెప్పబోయే మనిషి కూడా రోబ్లెసే. ఇక్కడ సింగపూర్‌లో, పుంగ్గోల్‌లో మా పక్క ఫ్లాట్‌లో గది అద్దెకి తీసుకుని ఉండేది. ఫిలిప్పీన్స్ పిల్ల. పిల్లంటే పిల్లేం కాదు, నలభైకి దగ్గరపడిన మనిషే. కానీ పొట్టిగా, చురుగ్గా, కారిడార్‌లో చెప్పులు టపటపలాడించుకుంటూ పోతుంటే ఎవరైనా పిల్లనే అనుకుంటారు. మా బ్లాకు కిందే పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూర్చునేది. ఇప్పుడిక్కడ లేదు, మొగుణ్ణి తీసుకుని వాళ్ళ దేశం వెళ్ళిపోయింది. పేరు రాయను, రాస్తే నామీద అరుస్తుంది. ఇంటిపేరు రాసినా భయం లేదు. వాళ్ళ ఊళ్ళో ఏ తలుపు కొట్టినా రోబ్లెసే తీస్తాడట.

జుట్టు నడుం దాకా ఉండేది. ఆ జుట్టంటే ప్రాణం. రోజూ పొద్దున్నే తలస్నానం. జుట్టు ఆరకుండా పడుకుంటే కళ్ళు పోతాయని వాళ్ళమ్మమ్మ చెప్పిందట. పడుకోవడమేం ఖర్మ, తడిజుట్టుతో గడప కూడా దాటేది కాదు. నేను పొయ్యి మీద కాఫీకి నీళ్ళు పెట్టే వేళకి గోడవతల డ్రయ్యర్ రొద మొదలయ్యేది, బుర్రుమంటూ. మా ఆయన విసుక్కునేవాడు. నాకు మాత్రం అది వినపడితేనే తెల్లారినట్టు.

ఫోనెత్తే తీరు మరీ విడ్డూరం. మోగగానే చెయ్యి చొక్కాకి తుడుచుకునేది. ఫోన్‌ని బోర్లా తిప్పి గుండెకి ఆనించుకుని కళ్ళు మూసుకునేది. అప్పుడు తిప్పి చూసేది. "ఎవరైతే ఏంటే, ఎత్తు, చచ్చిపోతోంది అది!" అని నేను అరిచేదాన్ని. ఎత్తాక అవతలివాళ్ళు ఫలానా రోబ్లెస్ పడిపోయాడనో, రోబ్లెస్‌కి జ్వరమనో అంటే, 'అయ్యో' అనదు, 'ఎప్పుడు?' అనదు. మొట్టమొదట ఒకటే మాట: "విచ్ రోబ్లెస్?" ఏ రోబ్లెస్? అది తేలాకే ఊపిరి పీల్చుకునేది.

మొదట్లో మా ఇద్దరికీ పడలేదు. తప్పు నాదేననుకోండి. కానీ ఏ తెలుగుదాన్నైనా తెచ్చి నా చోట నిలబెట్టండి, అదే చేస్తుంది. ఆవిడ లేనప్పుడు ఓ పార్సిల్ వస్తే నేను తీసుకున్నాను. పైన పేరు చూస్తే చివర్న రోబ్లెస్ రోబ్లెస్ అని రెండుసార్లుంది. సాయంత్రం ఇస్తూ, పొరపాటున రెండుసార్లు వేసినట్టున్నారే అన్నాను. "పొరపాటు కాదు. మొదటిది మా నాన్నది, రెండోది మా ఆయనది" అంది తేలిగ్గా. నా గుండె గుభేలుమంది. పుట్టింటి పేరూ మెట్టినింటి పేరూ ఒకటా! అంటే దాయాదినే చేసుకుందా, అన్న వరసవాణ్ణి? "ఛీ ఛీ" అని పైకే అనేశాను. తెలుగులోనే అన్నాను, కానీ ఛీకి తర్జుమా ఏం కావాలి! ఆ తర్వాత కొన్నాళ్ళు ఆవిడ లిఫ్ట్ దగ్గర కనిపిస్తే నేను మెట్లెక్కేదాన్ని, మోకాళ్ళు పట్టేసినా సరే.

మమ్మల్ని కలిపింది ఎండుచేపలు. ఇక్కడ ఫ్లాట్లో ఎండుచేపలు వేయిస్తే చుట్టుపక్కలవాళ్ళు కంప్లయింట్ చేస్తారని మా ఆయన భయం. ఏళ్ళ తరబడి నోరు కట్టేసుకున్నాను. ఓ ఆదివారం మధ్యాహ్నం పక్క వంటింటి కిటికీలోంచి ఆ వాసన రానే వచ్చింది. గుడివాడ ముక్కు ఊరుకుంటుందా? వెళ్ళి కిటికీ దగ్గర నిలబడ్డాను. ఆవిడ ఏమీ అడగలేదు, పళ్ళెంలో నాలుగు పెట్టిచ్చింది. రెండు తిన్నాక ధైర్యమొచ్చి అడిగేశాను: "అది కాదమ్మాయ్, అన్న వరసవాణ్ణి ఎలా చేసుకున్నావు?"

ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక పొయ్యి కట్టేసి మరీ నవ్వింది. అరచేత్తో గాలిని తుడిచేస్తూ, "నో రిలేషన్, అక్కా! నో రిలేషన్!" అంది. ఆ చెయ్యి ఊపడం ఆవిడకి పుట్టుకతో వచ్చినట్టుండేది. ఎక్కడ రోబ్లెస్ అన్న మాట వినపడినా ఆ చెయ్యి లేచేది.

అప్పుడే ఆ పేరు కథంతా చెప్పింది. స్పెయిన్‌లో చలి కొండల మీద గట్టి కలప చెట్లు కొన్నుంటాయట, వాటి పేరు రోబ్లెస్. ఆ చెట్లున్న ఊళ్ళకి అదే పేరు. ఆ ఊళ్ళ నుంచి కత్తులు కట్టుకుని యుద్ధాలకి పోయిన దొరలకి అదే ఇంటిపేరు. "మాకూ అంతే, కొండవీటి వాళ్ళు, పాలకొల్లు వాళ్ళు అని ఊరిపేర్లే ఇంటిపేర్లు" అన్నాను. "అక్కడి దాకానే మీలాగ" అంది. స్పెయిన్ వాళ్ళు ఈ దీవుల్ని ఏలుతున్నప్పుడు జనానికి నిలకడగా ఇంటిపేర్లుండేవి కావట. తండ్రికి ఓ పేరు, కొడుక్కి ఇంకో పేరు, చర్చిలో నచ్చిన సాధువు పేరు పెట్టేసుకునేవాళ్ళు. పన్ను వసూలుకొచ్చినవాడికి ఎవడు ఎవడి కొడుకో తెలిసేది కాదు. ఓ గవర్నరుకి ఒళ్ళు మండి, వేలకొద్దీ ఇంటిపేర్లు పుస్తకంగా వేయించి, కాగితాలు విడదీసి ఊరూరికీ పంచిపెట్టాడు. అందుకే ఒక్కో ఊళ్ళో అందరి ఇంటిపేర్లూ ఒకే అక్షరంతో మొదలవుతాయి. వాళ్ళ ఊరికి 'ర' కాగితం వచ్చింది.

"మా తాతకి తాత పేర్ల కోసం వరసలో నిలబడ్డాడు" అంది, ఎదురుగా చూసినట్టే. "ముందువాడు రోబ్లెస్ అన్నాడు. మావాడికి చదువు రాదు, పేర్లు రాసే సైనికుణ్ణి చూస్తే భయం. నాకూ అదే ఇవ్వండి అన్నాడు. వెనకవాడికీ భయమే. వాడూ అదే అన్నాడు. అలా ఊరు సగం రోబ్లెస్ అయిపోయింది. ఆ చెట్టెలా ఉంటుందో ఈ రోజుకీ మా ఊళ్ళో ఎవరికీ తెలీదక్కా, మాకు కొబ్బరిచెట్లే." నిజమో, వాళ్ళ తాతలు కల్పించిందో నేను చెప్పలేను. పనిలో పనిగా నేను మా మేనమామ కొడుకునే చేసుకున్నానని చెప్పాను. ఈసారి గుండె గుభేలుమనడం ఆవిడ వంతు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "సొంత మామ కొడుకా! ఛీ ఛీ!" అంది. నా ఛీని అంత బాగా గుర్తుపెట్టుకుంది మహాతల్లి.

ఫోనంటే ఆ భయం ఎక్కడిదో ఇంకోసారి చెప్పింది. చిన్నప్పుడు ఓ పొద్దున రేవు నుంచి ఎవడో పరిగెత్తుకొచ్చి, "రోబ్లెస్ పడవ తిరగబడింది!" అని వీధి మధ్య అరిచాడట. సగం ఊరి ఆడవాళ్ళు ఎక్కడి పనులక్కడ వదిలేసి ఒడ్డుకి పరిగెత్తారు. వాళ్ళమ్మ చేతిలో గరిటెతోనే పరిగెత్తింది. తీరా చూస్తే వేరే రోబ్లెస్. వాళ్ళమ్మ వెనక్కొచ్చి ఆ గరిటెతోనే అన్నం వడ్డించింది. అందరూ తిన్నారు. వాళ్ళమ్మ మాత్రం పళ్ళెం ముందు కూర్చుని, నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా చాలాసేపు ఊగిపోయిందట. "ఆవేళ నుంచి మా పేరు ఎవరైనా గట్టిగా పిలిస్తే నాకు భయం" అంది. పళ్ళ డాక్టరు దగ్గర పనిలో కూడా ఏ పేషెంటునీ ఇంటిపేరుతో పిలిచేది కాదు, లేచెళ్ళి భుజం తట్టి చెప్పేది.

ఓసారి గుడివాడలో మా ఆయన దాయాది ఎవరో పోయాడని ఫోనొచ్చింది. ఆయన్ని మా ఆయన చిన్నప్పుడెప్పుడో చూశాడట, నేనసలు చూడనే లేదు. అయినా తలస్నానాలు చేశాం, దీపం మానేశాం. అదే టైముకి ఈవిడ ఎండుచేపల పళ్ళెంతో మా గుమ్మానికున్న ఊచల గేటు దగ్గరికొచ్చింది. "ముట్టుకోకు! కింద పెట్టు, నేను తీసుకుంటా. మాకు మైల" అన్నాను. మైలంటే ఏంటని గేటవతల నిలబడి ఆరా మొదలెట్టింది. ఒకే ఇంటిపేరు వాళ్ళలో ఎవరు పోయినా మిగతావాళ్ళంతా తలారా నీళ్ళు పోసుకోవాలనీ, పదోరోజు దాకా గుడికెళ్ళకూడదు, ఒకరి గడప తొక్కకూడదు, చేతిలో చెయ్యి వెయ్యకూడదనీ చెప్పాను. "చూడని మనిషైనా?" అంది. చూడకపోయినా మనవాడేగా అన్నాను. గేటు ఊచలు పట్టుకుని నవ్విందీ నవ్వు! "మా ఊళ్ళో ఈ పద్ధతి పెడితే ఏడాది పొడుగునా అందరం తడిజుట్టే అక్కా! అందరికీ కళ్ళు పోతాయి!" నాకూ నవ్వొచ్చింది, మైలలో నవ్వకూడదని ఆపుకున్నాను.

ఆవిడ మొగుడు ఓడలో ఇంజన్ రూమ్ మనిషి. ఏడాదిలో కంటికి కనపడేది కొద్ది రోజులే. ఓసారి ఓడ రిపేరుకని ఇక్కడి తువాస్ ఓడల యార్డుకి వచ్చింది. ఆదివారం ఇద్దరొచ్చారు. మొగుడు, మాటల్లేని మనిషి, వచ్చి పెళ్ళాం పక్కన కూర్చుని అన్నం కేసి చూస్తుండిపోయాడు. రెండోవాడు లిఫ్ట్‌లోంచే "కజిన్! కజిన్!" అని కేకలు. వాడూ రోబ్లెసే, వాళ్ళ ఊరివాడే, చర్చి అవతల వీధి. వాడూ ఇంజన్ రూమే. "నో రిలేషన్!" అని ఈవిడ కారిడార్‌లోకెళ్ళి మరీ అరిచింది. చిన్నప్పుడు వాడు గోడ దూకితే ఈవిడ అన్నకి దెబ్బలు పడేవట, వాడు పరీక్ష తప్పితే వీళ్ళింట్లో ఏడుపులట, అన్నీ ఆ పేరు పుణ్యమే. లావుగా, ముందుపన్ను సగం విరిగి, నోరు తెరిస్తే పాట. నా గోంగూర పచ్చడి కళ్ళ నీళ్ళు పెట్టుకుంటూ మూడుసార్లు వేసుకుని, నన్ను కూడా కజిన్ అనేశాడు. "నీకూ లేదు, నాకూ లేదు, ఎవరికీ లేదు వీడితో చుట్టరికం" అంది ఈవిడ మండిపడుతూ. మా అమ్మాయి ఇక్కడి పిల్లల ఇంగ్లీషులో, "ఆంటీ, హి ఈజ్ సో ఫన్నీ లా" అంటే దాన్నీ కసిరింది.

వాళ్ళు వెళ్ళిపోయాక గిన్నెలు కడుగుతూ నెమ్మదిగా అంది: "ఒకే ఓడలో, ఒకే ఇంజన్ రూమ్‌లో ఇద్దరు రోబ్లెస్‌లు. నాకిష్టం లేదక్కా. రేపు కబురొస్తే ఎవరి గురించి వచ్చినట్టు?"

"నోరు ముయ్యి! తథాస్తు దేవతలుంటారు" అని గదమాయించాను. కానీ ఆ మాట నాలో ఉండిపోయింది. ఆ రోజు నుంచి ఆవిడ ఫోను గోడవతల మోగితే ఇవతల నేనూ ఓ క్షణం ఆగేదాన్ని.

కబురు ఓ శనివారం మధ్యాహ్నం వచ్చింది. ఆవిడ మా వంటింట్లో కూర్చుని కరివేపాకు దూస్తోంది. ఫోను మోగింది. చెయ్యి తుడుచుకుంది. గుండెకి ఆనించుకుంది. తిప్పి చూస్తే తెలియని నంబరు, ఇక్కడిదే. "ఎత్తవే" అన్నాను. షిప్పింగ్ ఏజెంటు ఆఫీసు నుంచి ఎవరో మగమనిషి. స్పీకర్లో పెట్టింది. ఓడ జలసంధిలో ఉండగా ఇంజన్ రూమ్‌లో నిప్పంటుకుందట. ఆర్పేశారట. ఒక మనిషికి బాగా కాలిందట, పడవలో ఒడ్డుకి తెచ్చి ఆస్పత్రికి తీసుకెళ్తున్నారట. "పేరు రోబ్లెస్, మేడమ్."

"విచ్ రోబ్లెస్?"

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు. "ఓడ నుంచి ఇంతే చెప్పారు మేడమ్. ఇంజన్ రూమ్ రోబ్లెస్ అన్నారు."

"ఇద్దరూ ఇంజన్ రూమే."

"ఇద్దరున్నారా?" అన్నాడు పాపం ఆ మనిషి. ఆ ఇంటిపేరుకి సింగపూర్ నంబరు ఇదొక్కటే కనపడితే చేశాడట.

టాక్సీలో దారిపొడుగునా మొగుడి ఫోనుకి చేస్తూనే ఉంది. కలవడం లేదు. ప్రతిసారీ అదే ఆడగొంతు, అదే మాట. భయంలో నేను అక్కరకొచ్చే మనిషిని కాదు, ఎప్పుడూ కాదు. ఆవిడే నా చెయ్యి పట్టుకుని కూర్చుంది.

ఆస్పత్రిలో కూర్చోమన్నారు. జపమాల తీసింది, రెండు పూసలు తిప్పింది, ఆపేసింది. మళ్ళీ మొదలుపెట్టింది, మళ్ళీ ఆపేసింది.

"ఎలా అడగాలో తెలీట్లేదక్కా" అంది. "మా ఆయన కాకూడదు అని అడిగితే వాడవ్వాలని అడిగినట్టే. ఉన్నదిద్దరే."

నాకా బాధ లేదు. నేను అప్పటికే దణ్ణం పెట్టేసుకున్నాను. వాడే అవ్వాలి వెంకటేశ్వరా, ఆ పాటలవాడే అవ్వాలి, దీని మొగుడు కాకూడదు అని ఏడుకొండలవాడిని నోరారా అడిగాను. నా గోంగూర తిన్న మనిషి, నన్ను కజిన్ అన్న మనిషి, అయినా అడిగాను. ఎవరైనా నాలాగే అడుగుతారు. ఆ పక్క కుర్చీలో కూర్చుని అలా అడగకుండా ఉన్నది ఆవిడొక్కతే.

"రోబ్లెస్ ఫ్యామిలీ?" అని నర్సు పిలిచింది. ఆవిడ లేచి లోపలికి వెళ్ళింది. తలుపు మూసుకుంది. ఆ తలుపు కేసి చూస్తూ కూర్చున్న ఆ కాసేపు పడ్డంత భయం నేనింకెప్పుడూ పడలేదు, నా రెండు కాన్పుల్లోనూ పడలేదు. తలుపు తెరుచుకుంది. గోడ పట్టుకుని బయటికొచ్చింది.

"మొహమంతా కట్లు. కాళ్ళు చూశానక్కా. మా ఆయన కాళ్ళు కావు."

"దేవుడా, నువ్వున్నావయ్యా!" అని గట్టిగా అనేశాను. కూర్చున్నవాళ్ళు తిరిగి చూశారు. ఆవిడ కూడా చూసింది. కోపంగా కాదు. నేనెవరో పోల్చుకోలేనట్టు చూసింది. దేవుడు తన మొర విన్నాడని మనిషికి ఆనందం కలగాలి కదా, నాకు వణుకు పుట్టింది.

నర్సు వెనకాలే వచ్చింది. "మీవారు కాదంటున్నారు కదా, అయితే మీరిక్కడే ఉండండి. లోపల కుటుంబం వాళ్ళే ఉండాలి" అంది, మర్యాదగానే.

ఈవిడ సంచిలోంచి తన పేరున్న వర్క్ పాస్ కార్డు తీసి చూపించింది. "రోబ్లెస్" అంది.

"మీకేమవుతారు?"

చెయ్యి లేచింది. ఆ చెయ్యి నాకు తెలుసు, గాలిని తుడిచేస్తుంది, రెండు మాటలంటుంది, మేమిద్దరం ఇంటికి పోతాం అనుకున్నాను. ఆ చెయ్యి సగంలో ఆగిపోయింది.

"కజిన్" అంది. లోపలికి వెళ్ళిపోయింది.

దీపాలు పెట్టే వేళకి అతను పోయాడు. పోయేదాకా మంచం పక్కనే ఉండి కాలివేళ్ళు పట్టుకుని కూర్చుందట, చేతులు కాలిపోయి పట్టుకోవడానికి వీల్లేక. ఈలోగా ఓడ మీద నుంచి మొగుడి ఫోనొచ్చింది. ఆయనకేమీ కాలేదు, లోపలికెళ్ళి అతన్ని బయటికి లాగినవాళ్ళలో తనూ ఉన్నాడు. రెండు మాటలు మాట్లాడి పెట్టేసింది. తర్వాత కారిడార్‌లో నా పక్కనే నిలబడి వాళ్ళ ఊరికి చేసింది, అతని పెళ్ళానికి. వాళ్ళ భాష నాకు రాదు. రోబ్లెస్ అన్న మాట ఒక్కటే వినపడింది. వెంటనే అవతల నుంచి ఆడగొంతు ఏదో అడిగింది, చిన్న ప్రశ్న. భాష రాకపోయినా అదేం ప్రశ్నో నాకు తెలుసు. ఈవిడ కళ్ళు మూసుకుని జవాబు చెప్పింది.

మర్నాడు పొద్దున కాఫీకి నీళ్ళు పెట్టాను. నీళ్ళు మరిగాయి. గోడవతల డ్రయ్యర్ రొద లేదు. డికాక్షన్ దిగింది, పాలు పొంగాయి, అయినా లేదు. మొగుడి గురించి ఇంకేం కబురొచ్చిందో, ఈ మనిషి ఏం చేసుకుందో అని పరిగెత్తుకెళ్ళి తలుపు తీశాను.

గేటవతల నిలబడుంది. చెప్పుల్లేవు. జుట్టు విరబోసుకుని ఉంది, కొసల నుంచి నీళ్ళు కారిడార్ నేల మీద కారుతున్నాయి.

"ఓసి నీ మొహం ఈడ్చా, ఎంత హడలగొట్టావే! తడిజుట్టుతో ఏంటలా? లోపలికి రా" అని గేటు తీసి చెయ్యి పట్టుకోబోయాను. ఒకడుగు వెనక్కి వేసింది.

"వద్దక్కా. మైల."

"అయ్యో పిచ్చిదానా, అది మా పద్ధతే. నీకెందుకది? నేనేదో..."

లోపలికెళ్ళి కాఫీ తెచ్చి అందించాను. తీసుకోలేదు. కింద పెట్టేదాకా ఆగి, వంగి తీసుకుంది. నిలబడే తాగింది. తాగి గ్లాసు నా చేతికివ్వకుండా గడపకి అవతల నేల మీద పెట్టింది, నేను చెప్పినట్టే. పదోరోజు దాకా మా గడప తొక్కలేదు. ఆ రోజుల్లో ఒక్క పొద్దున కూడా గోడవతల ఆ రొద వినపడలేదు.